వందలో రెండు: డెమోక్రాట్ల ప్రచార కమిటీకి ఒక బహిరంగ లేఖ

డెమోక్రటిక్ పార్టీ కాంగ్రెస్ ప్రచార కమిటీ పెద్దలకు నమస్కారం.

ఈ ఉత్తరం మీరు చదవరని తెలిసే రాస్తున్నాను. మీరు చదవాలంటే ఇంగ్లీషులో రాయాలి. ఈ దేశంలో ఏ పార్టీవాళ్ళకైనా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి చూడండి, జవాబు ఒకటే వస్తుంది: "ఈ రాత్రి పన్నెండు లోపు 25 డాలర్లు పంపండి." అందుకని తెలుగులోనే, నాలాగా ఇక్కడ ఓటు హక్కు వచ్చిన తెలుగువాళ్ళు వింటుండగా, మీతో మాట్లాడదామని కూర్చున్నాను. పక్కింటామెకి తగలాలని ఇంట్లో పిల్లాణ్ణి కోప్పడటం మా వైపు పాత పద్ధతే.

నేనుండేది వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో. కెనడా వాంకూవర్ కాదు. ఈ మాట మా అమ్మకు పదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. కొలంబియా నదికి ఇవతల మేము, అవతల ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్. మా వాళ్ళు చాలామంది పొద్దున్నే ఆ వంతెన దాటి హిల్స్‌బరో వైపు చిప్పుల కంపెనీల్లో పనికి పోతారు. ఒరెగాన్‌లో సేల్స్ టాక్స్ లేదు కాబట్టి వచ్చేటప్పుడు టీవీలూ ఫోన్లూ అక్కడే కొనుక్కొస్తారు. మా ఇల్లు వాషింగ్టన్ మూడో కాంగ్రెస్ నియోజకవర్గంలోకి వస్తుంది. (మన పాఠకుల కోసం ఒక మాట: ఇక్కడ కాంగ్రెస్ అంటే పార్లమెంటు, పార్టీ కాదు.)

2022 నవంబర్ 8 కాంగ్రెస్ ఎన్నికలో ఇక్కడ జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎన్నికకు ముందు, గెలుపోటముల అంచనాలు కట్టే వెబ్‌సైట్ ఫైవ్‌థర్టీఎయిట్ వాళ్ళ లెక్క ప్రకారం మీ అభ్యర్థి, భర్తతో కలిసి కారు రిపేర్ షాపు నడిపే మేరీ గ్లూసెన్‌క్యాంప్ పెరెజ్ గెలిచే అవకాశం వందలో రెండు. రిపబ్లికన్ జో కెంట్‌కి వందలో తొంభై ఎనిమిది. (ఆ లెక్కల దుకాణాన్నే 2025 మార్చిలో మూసేశారు, అది వేరే కథ.) మీరూ అలాంటి లెక్కే నమ్మారు. ఈ సీటు మీద డబ్బు పెట్టలేదు. మా రాష్ట్రంలో ఓట్లన్నీ పోస్టులోనో, వీధి చివర పెట్టిన ఇనప డబ్బాలోనో వేస్తాం. లెక్క రోజుల తరబడి సాగుతుంది. నాలుగు రోజులు టెన్షన్ పెట్టి, ఆ శనివారానికి ఫలితం తేలింది. 3 లక్షలకు పైగా పోలైన ఓట్లలో ఆమె 2,600 పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2020లో ఇదే ప్రాంతంలో ట్రంప్‌కి దాదాపు 4 శాతం మెజారిటీ వచ్చింది.

ఇక ఆ వారమంతా టీవీల్లో ఒకటే పాట, పల్లె ఓటరు మారాడని. అంతకు ముందు వారం దాకా అదే పల్లె ఓటరు ఏమీ తెలియనివాడు, టీవీ చూసి మోసపోయేవాడు, తన మంచికి తానే అడ్డుపడేవాడు. వారం తిరిగేసరికి జ్ఞాని అయిపోయాడు. ఈ రెండు మాటలూ అన్నది వాళ్ళ ఊళ్ళో ఒక్క రాత్రి కూడా పడుకోనివాళ్ళే.

నిజానికి పల్లె మారలేదు. లెక్క చూద్దాం.

ఆ సీటులో అంతకు ముందున్నది జేమీ హెరెరా బట్లర్, రిపబ్లికన్. 2010 నుంచి వరసగా ఆరుసార్లు గెలిచినావిడ. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు అనుకూలంగా ఓటేసిన పదిమంది రిపబ్లికన్ సభ్యుల్లో ఒకరు. ఆ పదిమందిలో మళ్ళీ గెలిచి సభకు వచ్చింది ఇద్దరే. ఈమెను 2022 ఆగస్టు ప్రైమరీలోనే ఇంటికి పంపారు. మా రాష్ట్రంలో ప్రైమరీ అంటే అన్ని పార్టీలవాళ్ళూ ఒకే బ్యాలట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరూ నవంబర్‌కి వెళ్తారు. మేరీకి 31 శాతం వచ్చి మొదటి స్థానం. రెండో స్థానం కోసం కెంట్‌కీ, హెరెరా బట్లర్‌కీ మధ్య పోటీ, తేడా సుమారు వెయ్యి ఓట్లు. కెంట్ దక్కించుకున్నాడు. అయితే ఆ ప్రైమరీలో రిపబ్లికన్ల ఓట్లన్నీ కలిపితే 60 శాతం దాటాయి. కంప్యూటర్ వందలో రెండు అన్నది ఊరికే కాదు మరి. ఆ 60 మందీ ఒక్క తాటి మీద నడుస్తారనుకుంది.

నడవలేదు. హెరెరా బట్లర్‌కి ఓటేసి, ఆమెను పార్టీ అలా వెళ్ళగొట్టిన తీరు నచ్చనివాళ్ళలో కొంతమంది నవంబర్‌లో కెంట్ పేరు పక్కన గీత నింపలేదు. మెజారిటీ ఇచ్చింది మా క్లార్క్ కౌంటీ, అంటే వాంకూవరూ దాని శివార్లూ. లూయిస్, కౌలిట్జ్ లాంటి కౌంటీల్లో కెంటే ముందున్నాడు. పల్లెలు చేసిందల్లా మీ పార్టీ ఓడాల్సినంత ఘోరంగా ఓడకుండా ఆపటం. 2,600 ఓట్ల ఆటలో అదే చాలింది. దీన్ని పట్టుకుని "గ్రామీణ అమెరికా మేల్కొంది" అని రాసినవాళ్ళకు దండం పెట్టాలి. నిద్రపోయింది ఎవరో మీకే తెలుసు.

ఇంతకీ ఈ పల్లె ఎలాంటిదో చెప్పాలి. మా ఇంటి దగ్గర ఐ-5 హైవే ఎక్కి ఉత్తరానికి పోతే నలభై మైళ్ళకు లాంగ్‌వ్యూ, కెల్సో వస్తాయి. కారు అద్దాలు ఎత్తి ఉన్నా గాలి తెలిసిపోతుంది, ఉడికిన క్యాబేజీ వాసన. కాగితం మిల్లులది. వందేళ్ళ కిందట ఒక కలప కంపెనీ తన మిల్లుల కోసం ప్లాను గీసి కట్టించిన ఊరు లాంగ్‌వ్యూ. ఇంకాస్త పైకి పోతే లూయిస్ కౌంటీ, చెహేలిస్, సెంట్రేలియా. అక్కడ రోడ్డు పక్కన ఎన్నో ఏళ్ళపాటు అమెరికాకు గుర్తుగా గీసే ముసలాయన అంకుల్ శామ్ బొమ్మతో ఒక పెద్ద బోర్డుండేది, మీ పార్టీని తిట్టటమే దాని పని. సియాటిల్ వెళ్ళే ప్రతి తెలుగువాడూ దాన్ని చూసి నవ్వుకునో, తిట్టుకునో ముందుకు పోయేవాడు. అక్కడ ఎగ్జిట్ తీసుకునేవాడు మాత్రం పెట్రోలు కోసమే. మీరూ అంతే.

తూర్పున స్కమేనియా కౌంటీ. 1980 మే 18న బద్దలై 57 మందిని పొట్టన పెట్టుకున్న సెయింట్ హెలెన్స్ కొండ అక్కడిదే. మేరీ ఇల్లు కూడా ఆ కౌంటీలోనే. ఆ కౌంటీలో ఎక్కువ భాగం ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ అడవి. ప్రభుత్వ భూమి మీద ఇంటి పన్నూ, భూమి పన్నూ రావు కదా, అందుకని అడవిలో కొట్టిన కలప డబ్బులో నాలుగో వంతు కౌంటీలకు, బడులకూ రోడ్లకూ ఇచ్చేవాళ్ళు. 1990లో చుక్కల గుడ్లగూబను అంతరించిపోతున్న జాతుల చట్టం కిందకు తెచ్చారు, 1994లో కొత్త అడవి ప్రణాళిక వచ్చింది, ఫెడరల్ అడవుల్లో చెట్లు కొట్టటం బాగా తగ్గిపోయింది. పాపం గుడ్లగూబ ఒక్కదాన్నీ అనకూడదు. అంతకు ముందే మిల్లుల్లోకి యంత్రాలొచ్చి మనుషుల్ని తగ్గించాయి, దుంగల్ని దుంగల్లాగే ఓడలెక్కించి పంపేశారు. ఏదైతేనేం, 2000లో వాటికి బదులుగా డబ్బిస్తామని ఒక చట్టం చేశారు. అదీ గడువు తీరినప్పుడల్లా బడి నడవాలంటే వాషింగ్టన్ డీసీ వైపు చెయ్యి చాపాల్సిందే. ఒకప్పుడు సొంతంగా సంపాదించుకున్న ఊరు, ఇప్పుడు ఏటా అడుక్కోవాలి. ఈ కోపం మీ సర్వేల్లో ఏ గడిలో పడుతుందో నాకు తెలియదు.

మా వాళ్ళు మంచి స్కూళ్ళని చెప్పి ఇళ్ళు కొనుక్కునే ఊరు కమాస్. అక్కడి హైస్కూల్ ఆటల జట్టు పేరు పేపర్‌మేకర్స్. పులీ కాదు, గద్దా కాదు, కాగితం తయారుచేసేవాళ్ళు! మా పిల్లలు ఆ పేరున్న చొక్కాలేసుకుని తిరుగుతుంటారు. 2018లో ఆ ఊరి కాగితం మిల్లు చాలా భాగం మూతపడింది. చొక్కా మీద పేరు మాత్రం ఉంది.

ఇప్పుడు ఒక మనిషి గురించి చెబుతాను. పోయిన ఏడాది వసంతంలో, సియాటిల్ దగ్గర బోథెల్‌లో మా తోడల్లుడి గృహప్రవేశానికి బయల్దేరాం. లూయిస్ కౌంటీలోకి వచ్చేసరికి మా పాత వ్యాన్‌లో వేడి ముల్లు పైకి లేచింది. వెనక సీట్లో మా ఆవిడ ఒళ్ళో పులిహోర గిన్నె, పిల్లలు పట్టుబట్టల్లో. ఎగ్జిట్ తీసుకుని, ఫోన్‌లో చూసి, రేకుల షెడ్డులో ఉన్న ఒక రిపేర్ షాపుకు చేరాం. అరవై దాటిన పెద్దమనిషి, చేతులు మోచేతుల దాకా నలుపు. బానెట్ ఎత్తి, వేలితో ఒక గొట్టం తడిమి, "నీళ్ళ పంపు పోయింది, మధ్యాహ్నానికి పార్టు వస్తుంది" అన్నాడు. కౌంటర్ వెనక గోడ మీద చేత్తో రాసిన కాగితం, అప్పు ఇవ్వబడదని. మా నాన్న షాపులోనూ సరిగ్గా అదే ఉండేది, దాని కిందే అప్పుల పుస్తకం కూడా ఉండేది. ఈయన దగ్గరా ఉంది. తర్వాత చూశాను.

పార్టు వచ్చేలోగా ఆయన నాకు రెండు స్కానర్లు చూపించాడు. ఒకటి ఎప్పుడో ఒకసారి డబ్బిచ్చి కొన్నది, మా వ్యాన్‌లాంటి పాత బండ్లకు సరిపోతుంది. రెండోది కొత్త బండ్లకు, ఏటేటా డబ్బు కట్టాలి. అది కూడా కొన్ని కంపెనీల బండ్లలో తప్పేమిటో చదివి చెబుతుందేగానీ, పార్టు మార్చాక ఆ కంపెనీ అనుమతి లేకుండా బండి దాన్ని ఒప్పుకోదట. "పార్టు నా దగ్గరుంది, పానా నా దగ్గరుంది, తాళం మాత్రం వాళ్ళ దగ్గరుంది" అన్నాడు. మొన్న వచ్చిన బండిని డీలర్ దగ్గరకు లాగించి పంపాల్సి వచ్చిందట. అందులో తన కూలి పోయింది, బండి ఓనర్‌కి టో ట్రక్ ఖర్చు తగిలింది. ట్రాక్టర్లకూ ఇదే గొడవ. జాన్ డీర్ కంపెనీ రైతుల్ని సొంతంగా రిపేర్ చేసుకోనివ్వటం లేదని 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు కూడా వేసింది.

ఓటు ఎవరికేశారని ఈ దేశంలో కొత్తవాళ్ళను అడగకూడదు. నేనడగలేదు. ఆయనే చెప్పాడు. మూడు ఎన్నికల్లోనూ ట్రంప్‌కే వేశాడు. 2022లో జో కెంట్‌కి వేశాడు. కెంట్ సైన్యంలో పనిచేసినవాడు, ఆయన భార్య కూడా సైన్యంలో ఉండి 2019లో సిరియాలో బాంబు దాడిలో చనిపోయింది. "ఆయన ఇల్లు ఇచ్చినంత నేనివ్వలేదు" అన్నాడీ పెద్దమనిషి. మరి మేరీ? "పోర్ట్‌లాండ్‌లో షాపు పెట్టుకున్న పిల్ల, నది అవతలి మనిషి అనుకున్నా." 2024లో మాత్రం పైన ట్రంప్‌కి వేసి, కింద మేరీకి వేశాడట.

ఎందుకు మార్చారని అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఆవిడ ఈ తాళం గొడవ గురించి మాట్లాడుతుంది. ఇంకెవరూ మాట్లాడరు" అన్నాడు. అంతే. ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందనో, మీ పార్టీ బాగుపడిందనో ఒక్క ముక్క అనలేదు. ఈసారి ఎవరికి వేస్తారంటే, "ఇంకా టైముందిగా" అన్నాడు.

ఆ 2024లో ట్రంప్‌కి మళ్ళీ ఇక్కడ మెజారిటీ వచ్చింది. అదే బ్యాలట్ మీద మేరీ, అదే జో కెంట్ మీద, ఈసారి సుమారు 16,000 ఓట్లతో గెలిచారు. ఈ పెద్దమనిషిలాంటివాళ్ళు కొన్ని వేలమంది ఉంటే తప్ప ఆ రెండు ఫలితాలూ ఒక్క కాగితం మీద రావు.

ఆ మధ్యాహ్నం ఆ షెడ్డులో కూర్చుని నేను మా నాన్నను తలుచుకున్నాను. మాది కనిగిరి వైపు. నాన్నది బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు. కరెంటు వోల్టేజీ పడిపోయి, వచ్చీపోయీ, మోటార్లు కాలిపోతుండేవి. రైతులు వాటిని సైకిల్ క్యారేజీకి కట్టుకుని తెచ్చేవాళ్ళు. కాలిన వార్నిష్ వాసన మా ఇంట్లో అన్నంలో కూడా వచ్చేది. 2004 ఎన్నికలప్పుడు నేను హైదరాబాద్‌లో, కొత్త ఉద్యోగం, హైటెక్ సిటీ, చుట్టూ అందరమూ ఒకటే అనుకుంటున్నాం, మళ్ళీ చంద్రబాబే అని. నాన్న ఫోన్‌లో, "కుదరదురా, వేసవి మొదలవకముందే అటక మీద చోటు లేదు, అన్నీ కాలిన మోటార్లే. డబ్బులిచ్చి తీసుకుపోయేవాడు లేడు" అన్నాడు. నేను నవ్వాను. నాన్నకు ఏం తెలుసు, ఊళ్ళో కూర్చుని, అనుకున్నాను. మే నెలలో 294 సీట్లలో తెలుగుదేశానికి 47 వచ్చాయి. నాన్న నాకు ఫోన్ చేసి గుర్తుచెయ్యలేదు, అది ఆయన మంచితనం.

మా నాన్నకు రాజకీయ విశ్లేషణ రాదు. అటక మీద మోటార్లు లెక్కపెట్టాడు. మీ దగ్గర జీతానికున్న గణాంక నిపుణులకు మా నియోజకవర్గంలో ఏ అటక మీద ఏముందో ఎవరైనా చెప్పారా?

ఇంకో సంగతి. మేరీ గెలిచాక మీవాళ్ళు ఆమెతో ఎలా ఉన్నారో కూడా చూశాం. 2023 మేలో బైడెన్ విద్యార్థి రుణమాఫీని రద్దు చేసే తీర్మానానికి మీ పార్టీ నుంచి ఇద్దరే ఓటేశారు, మేయిన్ రాష్ట్రపు జారెడ్ గోల్డెన్, ఈమె. తన నియోజకవర్గంలో ఎక్కువమందికి డిగ్రీ లేదని, చేతిపని నేర్చుకునేవాళ్ళకు ఇందులో ఏముందని ఆమె వాదన. ఆ వాదన నాకు పూర్తిగా నచ్చలేదు. అప్పు తీర్చలేక అల్లాడుతున్నది లాయర్లూ డాక్టర్లే కాదు, మధ్యలో కాలేజీ మానేసిన నర్సింగ్ పిల్లలూ ఉన్నారు. కానీ దానికి మీ అభిమానులు చేసిందేమిటి? ఆమె దంపతుల కారు రిపేర్ షాపుకు ఆన్‌లైన్‌లో ఒక్క నక్షత్రం చొప్పున రేటింగులు ఇచ్చారు. ఆ షాపులో ఎప్పుడూ ఆయిల్ మార్పించుకోనివాళ్ళు! రుణమాఫీకీ బ్రేకు ప్యాడ్లకూ ఏం సంబంధం? మా ఊళ్ళో కూడా ఇంతే, సర్పంచ్ మీద కోపముంటే వాళ్ళ తమ్ముడి టీ కొట్టుకు పోవటం మానేస్తారు. కాకపోతే మేము దాన్ని ప్రగతి అనం.

ఆమె వేసిన ఓట్లలో నాకు నిజంగా కడుపు మండించింది వేరే ఉంది. 2025 ఏప్రిల్‌లో ఓటరు నమోదుకు పౌరసత్వ కాగితాలు చూపాలనే సేవ్ చట్టానికి అనుకూలంగా ఓటేసిన నలుగురు డెమోక్రాట్లలో ఆమె ఒకరు. నాకు పౌరసత్వం వచ్చి కొన్నేళ్ళే అయింది. నా సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకచోట ముందు, మా ఆవిడ కాగితాల్లో వెనక. తెలుగువాళ్ళకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఆ చట్టం అమల్లోకొస్తే కౌంటర్ దగ్గర నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సింది మాలాంటివాళ్ళమే. ఆ విషయంలో ఆమె మీద నాకు కోపం ఉంది, చెప్పాను, ఉత్తరం కూడా రాశాను. రాసి మళ్ళీ ఆమెకే ఓటేస్తానేమో. అదీ ఓటరంటే. ఆ రేకుల షెడ్డు పెద్దమనిషికీ నాకూ ఈ ఒక్క విషయంలో తేడా ఏమీ లేదు.

ఆమె మాట్లాడే విషయాలు ఎంత చిన్నవో చూడండి. ఆమె చెప్పేదేమిటంటే, శిశు సంరక్షణ కేంద్రాల్లో పిల్లలకు చిప్స్ ప్యాకెట్ చించి ఇవ్వొచ్చుగానీ అరటిపండు తొక్క తీసి ఇవ్వాలంటే వంట కింద లెక్కట, దానికి వేరే సింకులూ పర్మిషన్లూ కావాలట. ఆమె దాని మీద బిల్లు పెట్టారు. మా వాట్సాప్ గ్రూప్‌లో ఒకాయన ఇది చూసి, "దేశం తగలబడుతుంటే అరటిపండా?" అని నవ్వాడు. ఆయన పిల్లల్ని చూసుకోవటానికి ఆరు నెలలు అత్తగారు, ఆరు నెలలు అమ్మ విజిటర్ వీసా మీద వస్తారు. చూసుకునే మనిషి లేని ఇళ్ళలో పసిపిల్లను రిపేర్ షాపుకు వెంట తీసుకుపోవాల్సి వస్తుంది. మేరీ అలాగే తీసుకుపోయారు.

అలాగని ఆమెను దేవతను చేయటం నా ఉద్దేశం కాదు. ఇక్కడే మీతో అసలు పేచీ. 2022 తర్వాత మీరు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, గళ్ళ చొక్కా వేసుకుని, పికప్ ట్రక్ పక్కన నిలబడి, చేతికి కాస్త గ్రీజు అంటించుకున్న అభ్యర్థి కావాలని. మా దేశంలో దీన్ని తలపాగా చుట్టి నాగలి పట్టటం అంటారు. ఫొటో అయ్యాక నాగలి అక్కడే ఉంటుంది, నాయకుడు ఏసీ కారులో ఉంటాడు. నిజంగా గ్రీజు అంటినవాళ్ళు కూడా ప్రతిసారీ గెలవరు. అలాస్కాలో మేరీ పెల్టోలా చేపల గురించి మాట్లాడి 2022లో గెలిచారు, 2024లో ఓడారు. గోల్డెన్ 2025 నవంబర్‌లో ఇక పోటీ చేయనని చెప్పేశారు. అదే నెలలో మా మేరీ మీ పార్టీ సీనియర్ సభ్యుడొకరిని తప్పుపడుతూ తీర్మానం పెట్టారు, తన సీటును తన దగ్గర పనిచేసేవాళ్ళకే దక్కేట్టు నామినేషన్ గడువు దాటేదాకా నోరు మెదపలేదని. సభ దాన్ని ఆమోదించింది కూడా. మీలో చాలామంది ఆమె మీద గుర్రుమన్నారు. సీటును ఇంటి ఆస్తిలా చేతులు మార్చటం తప్పని చెప్పటానికి పల్లెటూరి మనిషే కావాలా? తెలుగువాడిగా నాకు ఈ విషయం మీద మాట్లాడే అర్హత అంతగా లేదనుకోండి.

2026లో ఆమె మళ్ళీ పోటీలో ఉన్నారు. ఎదురు రిపబ్లికన్ల వైపు లూయిస్ కౌంటీకే చెందిన రాష్ట్ర సెనేటర్ జాన్ బ్రాన్ దిగాడు. కెంట్ లాగా కొత్తవాడు కాదు, ఊరందరికీ తెలిసిన మనిషి. హెరెరా బట్లర్ ఓటర్లు 2022లో కెంట్‌ను చూసి బెదిరినట్టు ఈయన్ను చూసి బెదరరు. ఈసారి ఆమె ఓడిపోవచ్చు. ఓడితే అదే టీవీలు అదే రోజు "పల్లె మళ్ళీ మారింది" అంటాయి. మీరు ఇంకో సీటులో ఇంకో గళ్ళ చొక్కాను వెతుక్కుంటారు.

నేనడిగేది పెద్దదేం కాదు. అక్టోబర్‌లో మూడు వారాలపాటు టీవీల్లో కుమ్మరించే డబ్బులో ఒక్క పిసరు తీసి, ఎన్నికలు లేని ఏడాది మార్చిలో, ఫిబ్రవరిలో, చెహేలిస్‌లాంటి ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకోండి. ఓట్లు అడగొద్దు. ఏది పాడైందో అడిగి రాసుకోండి. వంతెన సంగతి వస్తుంది. ఐ-5 మీద కొలంబియా దాటే మా వంతెనలో ఒక సగం 1917 నాటిది, ఇంకో సగం 1958ది. కొత్తదానికి 2024 నాటికి ఫెడరల్ నిధులు 200 కోట్ల డాలర్లకు పైగా మంజూరయ్యాయి గానీ, టోల్ ఎంత పడుతుందో అనేదే మా అందరి భయం. నది అవతల కూలికి పోయే వడ్రంగికి అది రోజువారీ ఖర్చు. ఇలాంటివి వింటారు. కొన్ని మీకు నచ్చని మాటలూ వింటారు, గుడ్లగూబను తిడతారు, మావాళ్ళ వీసాలను తిడతారు, నన్నే తిట్టొచ్చు. ఆ రేకుల షెడ్డులో నేనుండగానే ఒకతను వచ్చి నన్ను ఎగాదిగా చూసి, ఏ దేశం నుంచి, ఎందుకొచ్చావని అడిగాడు. అడిగిన తీరు బాగాలేదు. ఆ షాపాయన తలెత్తకుండానే, "నీళ్ళ పంపు కోసం వచ్చాడు" అన్నాడు. అవతలి మనిషి మారు మాట్లాడలేదు. ఆ రోజు నాకు పల్లె అమెరికా మీద ప్రేమ పుట్టలేదు, భయమూ పోలేదు. ఆ ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు, బహుశా చాలా ఎన్నికల్లో ఒకే గుర్తుకు ఓటేసినవాళ్ళు. మీ పట్టికలో ఇద్దరూ ఒకే గడిలో ఉంటారు.

దయచేసి ఒక్క మాట మాత్రం మానండి, "వాళ్ళు తమ మేలుకు వ్యతిరేకంగా తామే ఓటేసుకుంటున్నారు" అనేది. మా తెలుగు పార్టీల్లో, బిర్యానీ ప్లేట్ల మధ్య, ఈ మాట అచ్చం ఇలాగే వినిపిస్తుంది. వెనక ఊళ్ళో అమ్మానాన్నల్ని కూడా కొందరు ఇదే మాట అంటారు, డబ్బులకూ మందుకూ ఓటేస్తారని. ఎవరి మేలు ఏదో తేల్చే పని మనకు ఎవరిచ్చారు? ఆ పెద్దమనిషి నాకు వేసిన బిల్లులో పంపు ధర, కూలి విడివిడిగా రాసి ఉన్నాయి. పాత పంపును అట్టపెట్టెలో పెట్టి, "చూసుకో, నిజంగానే పోయింది" అని చేతిలో పెట్టాడు. తన లెక్క తనకు బాగానే తెలిసిన మనిషి.

వెళ్తూ వెళ్తూ ఆయన నన్నో ప్రశ్న అడిగాడు. నేను మీ పార్టీ మనిషిననుకున్నాడేమో. "మీవాళ్ళు ఎప్పుడైనా బండి చెడిపోకుండా ఈ ఎగ్జిట్ తీసుకుంటారా?" నా దగ్గర జవాబు లేక పులిహోర పెట్టమని మా ఆవిడకు చెప్పాను. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు, కారంగా ఉందన్నాడు.

ఆయన షాపు శనివారం మధ్యాహ్నం ఒంటి గంటకు మూసేస్తాడు, ఆదివారం సెలవు. వెళ్ళేటట్టయితే మామూలు రోజుల్లో, పొద్దున పూట వెళ్ళండి.

ఇట్లు,
వాషింగ్టన్ మూడో నియోజకవర్గంలో ఒక తెలుగు ఓటరు